సేవ చేయించుకునే ఉద్యోగి

కాలవగట్ల పరిరక్షణ శాఖలో చిట్టబ్బాయి ముప్పై ఒక్క ఏళ్లు అటెండరుగా పనిచేశాడు. ఆ ముప్పై ఒక్క ఏళ్లలో అతను ఎవరికీ ఎలాంటి సేవా చేయలేదని శాఖ లిఖితపూర్వకంగా తేల్చింది. ఆ తేల్చిన కాగితాన్ని తపాలా ఆఫీసు నుంచి తెచ్చిందీ, కవరు చింపిందీ, తారీకు ముద్ర కొట్టిందీ, ఈఈగారి బల్ల మీద పెట్టిందీ చిట్టబ్బాయే. లోపల ఏముందో అప్పటికి అతనికి తెలియదు. తెలిసినా పెట్టేవాడే, ఎందుకంటే అది అతని పని.

సంగతి ఇక్కడిదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

గోదావరి కాలవల కింద ఉన్న ఒక ఊళ్లో ఈ శాఖవారి ఆఫీసు ఉంది. కాలవగట్లకి గండి పడకుండా చూడడం దాని పని. అందరికీ పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరాంకుశంగారు. ఆయన్ని అందరూ ఈఈగారు అంటారు. ఆయన కింద చిన్న ఇంజనీర్లు, సూపరింటెండెంటు మంగతాయారుగారు, గుమాస్తాలు, మొత్తం పద్నాలుగు మంది. పదిహేనోవాడు చిట్టబ్బాయి. ఒకప్పుడు ఆ ఆఫీసులో అటెండర్లే ఆరుగురు ఉండేవారు. రిటైరైనవాళ్లు రిటైరవగా, పోయినవాళ్లు పోగా, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లని వెయ్యడం ప్రభుత్వం మరిచిపోగా, నాలుగో తరగతి ఉద్యోగి అనేవాడు అతనొక్కడే మిగిలాడు.

రికార్డు అసిస్టెంటు పోస్టు కూడా పంతొమ్మిదేళ్లుగా ఖాళీయే. అయినా రికార్డు గది తాళాలు ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కాబట్టి అవి చిట్టబ్బాయి మొలతాడుకు చేరాయి. ఏ కాలవ మీద ఏ తూము ఎప్పుడు కట్టారో, దాని ఫైలు ఏ అరలో ఉందో అతనికి కళ్లకు గంతలు కట్టినా తెలుసు. పని అతనిదే, గది అతనిదే, పోస్టు మాత్రం ఖాళీ. అతని కోరిక ఒక్కటే. అటెండరుగా చేరాడు కానీ అటెండరుగా దిగిపోకూడదు. రికార్డు అసిస్టెంటుగా దిగాలి. ఒక్క మెట్టు, ఒక్కటంటే ఒక్కటి. దానికి అతని భార్య నూకరత్నం మంగళవారాలు ఒంటిపూట కూడా ఉంటోంది.

సరిగ్గా ఆ మెట్టు మీద కాలు పెట్టబోయే ముందే, శాఖకంతటికీ పెద్ద అయిన కమిషనర్‌గారు ఎక్కడో కొండమీది హోటల్లో అయిదు రోజుల శిక్షణకి వెళ్లి, సేవక నాయకత్వం అంటించుకుని వచ్చారు.

అది అంటువ్యాధి లాంటిదే. వారం తిరక్కుండా జిల్లాలకి శిక్షకులు దిగారు. ఈ ఆఫీసుకి వచ్చిన శిక్షకుడు సన్నగా, తెల్లగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. తెర మీద ఒక త్రికోణం వేసి, దాన్ని తలకిందులు చేసి, ఒక నిమిషం మౌనం పాటించాడు.

"ఇంతకాలం నాయకుడు పైన ఉన్నాడు. ఇకనుంచి కింద ఉంటాడు. నాయకుడంటే సేవకుడు. ఈ హాల్లో ఎంతమంది సేవకులున్నారో చేతులెత్తండి" అన్నాడు.

ఎవరూ ఎత్తలేదు. వెనక టీ గ్లాసుల ట్రే పట్టుకుని నిలబడ్డ చిట్టబ్బాయికి ఎత్తాలనే ఉంది కానీ రెండు చేతులూ ఖాళీ లేవు.

పరాంకుశంగారు ఇరవయ్యారేళ్లుగా గంట కొట్టి, "ఒరేయ్, ఎవర్రా అక్కడ" అని కేకవేసి పని చేయించుకున్న మనిషి. ఆయన ముందు వరసలో కూర్చుని మధ్యాహ్నం దాకా కునుకు తీశారు. నలభై ఒకటో స్లైడు దగ్గర ఆయన కళ్లు తెరుచుకున్నాయి. ఇకముందు పదోన్నతులన్నీ సేవా మార్కులనుబట్టే ఇస్తారని ఆ స్లైడులో ఉంది. పరాంకుశంగారు ఆ క్షణంలోనే మారిపోయారు. టీ అయ్యాక తన గ్లాసు తనే కడుక్కున్నారు. పక్కవాళ్లు చూస్తున్నారని గమనించి ఇంకో రెండు కూడా కడిగారు.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. దాన్ని మంగతాయారుగారు నిలబడి, అందరికీ వినపడేలా చదివారు.

"ఇందుమూలముగా శాఖలోని యావన్మంది అధికారులకు తెలియజేయడమేమనగా, సేవ అనగా పై స్థాయి ఉద్యోగి క్రింది స్థాయి ఉద్యోగికి చేయునది. క్రింది స్థాయి ఉద్యోగి పై స్థాయి ఉద్యోగికి చేయునది విధి మాత్రమే యగును. విధికి మార్కులు లేవు. సేవ పొందు వ్యక్తి ఎంత క్రింది స్థాయి వాడైన, సేవకు అంత ఎక్కువ మార్కులు. నాలుగవ తరగతి ఉద్యోగికి చేయు ప్రతి సేవకు అయిదు మార్కులు, తదితరులకు అరమార్కు. సేవ పొందినవారు సేవల పుస్తకమునందు సంతకము చేయవలెను."

చదవడం అయ్యేసరికి పద్నాలుగు తలలు ఒక్కసారిగా చిట్టబ్బాయి వైపు తిరిగాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంతమంది అతన్ని ఒకేసారి చూడడం అదే మొదలు. ప్యాంటు బొత్తాం ఏమైనా ఊడిందేమోనని అతను తడుముకున్నాడు.

మర్నాడు పొద్దున్న పది గంటలకి చిట్టబ్బాయి టీ కోసం ఫ్లాస్కు తీసుకుని బయల్దేరుతుంటే గుమ్మంలో పరాంకుశంగారు ఎదురయ్యారు. ఆయన చేతిలోనూ ఒక ఫ్లాస్కు ఉంది.

"చిట్టబ్బాయిగారూ, కూర్చోండి" అన్నారాయన.

చిట్టబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరుతో ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు.

"నేనాండీ? వద్దండి బాబూ, నా వల్ల ఏదైనా తప్పు జరిగితే చెప్పండి, దిద్దుకుంటాను" అన్నాడు.

"తప్పు మాదండీ. ఇన్నేళ్లూ మీ సేవాభాగ్యానికి దూరమయ్యాం" అని ఆయన గ్లాసులో టీ పోసి, పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి అందించారు. "ఇక్కడ సంతకం. తారీకు కూడా వెయ్యండి. సేవ స్వభావం అన్నచోట టీ అని రాయకండి, బాగుండదు. తేనీటి సమర్పణ అని రాయండి."

చిట్టబ్బాయి టీ సగం తాగాడో లేదో చిన్న ఇంజనీరు ఇంకో టీతో తయారయ్యాడు. ఆయన వెనక మంగతాయారుగారు స్టీలు గ్లాసుతో కాఫీ తెచ్చారు. గుమాస్తాల్లో చిన్నవాడైన ఫణికుమార్ కొబ్బరిబోండం పట్టుకుని వరసలో నిలబడ్డాడు. పన్నెండయ్యేసరికి చిట్టబ్బాయి పద్నాలుగు సేవలు తాగాడు. పదమూడోది తాగేటప్పుడు కళ్లు తేలేస్తే, ఇద్దరు ఇంజనీర్లు విసనకర్రలతో విసిరి, ఆ విసిరినందుకు కూడా చెరో సంతకం పెట్టించుకున్నారు.

సాయంత్రం ఇంటికెళ్లి నూకరత్నంతో జరిగిందంతా చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

"ఈఈగారు నీకు టీ ఇచ్చారా? ఎండకి తిరిగావేంటి ఈయేళ? ఉండు, తలమీద నీళ్లు చల్లుతాను."

"ఆ నీళ్ల గ్లాసు ఒద్దే నూకరత్నం. నీకు దణ్ణవెడతాను, నాకేమీ ఇవ్వకు. నేనే నీకిత్తాను తాగు" అని అతనే కుండలోంచి ముంచి ఆవిడకిచ్చాడు. ఆవిడ తాగుతుంటే అతని ప్రాణం కాస్త కుదుటపడింది.

ఇక అక్కణ్ణుంచి సేవ పెరిగిందే కానీ తగ్గలేదు. తాగడానికి హద్దుంటుందని తెలిశాక ఒకరు అతనికి గొడుగు పట్టారు, ఒకరు సైకిలు తుడిచారు. పరాంకుశంగారు ఏకంగా అతని జోళ్లు తుడవడానికి కూర్చున్నారు. గంట కూడా ఆయన గదిలోంచి చిట్టబ్బాయి చేతికి వచ్చింది. రోజూ అతను గంట కొట్టాలి, అధికారులు పరుగెత్తుకు రావాలి. మొదట్లో అతను మొహమాటపడి కొట్టలేదు. మూడో రోజున మెమో ఇచ్చారు. "మీరు గంట మోగించకుండుట వలన అధికారుల సేవానిరతికి భంగము కలుగుచున్నది. మీపై క్రమశిక్షణ చర్య యేల తీసుకొనరాదో ఇరవై నాలుగు గంటలలో తెలుపవలెను." దానికి సంజాయిషీ రాసివ్వడం కూడా ఒక సేవేనని, దాన్ని మంగతాయారుగారే రాసి సంతకం తీసుకున్నారు.

అతనికి పని లేకుండా పోయిందని అనుకోకండి. పని ఎక్కడికి పోతుంది? అధికారులు సేవలో ఉన్నారు కాబట్టి ఫైళ్లు కదిలించాల్సింది అతనే. కాకపోతే ఎవరూ చూడకుండా కదిలించాలి. చూస్తే, "అయ్యయ్యో, మీరు లేవకండి" అని కూర్చోబెట్టేస్తారు. పాపం, దొంగతనానికి వెళ్లినవాడిలా మధ్యాహ్నం భోజనాల వేళ చూసుకుని రికార్డు గదిలో దూరి, ఆ పూట పని ఆ పూట చేసుకొచ్చేవాడు.

ఆరు నెలలకి స్టూలు గొడవ మొదలైంది. ముప్పై ఏళ్లుగా చిట్టబ్బాయి కూర్చున్నది ఈఈగారి గది బయట ఉన్న చెక్క స్టూలు మీద. ఒకరోజు ఆయన వచ్చి, "సేవకుడి స్థానం ఇదీ. మీరు లోపల నా కుర్చీలో కూర్చోండి" అని దాని మీద తను కూర్చున్నారు. అది చూసి చిన్న ఇంజనీర్లు ఇద్దరూ తమకూ స్టూళ్లు కావాలన్నారు. స్టూలు ఈఈ స్థాయికి తగినదని, అంతకంటే కింది స్థాయివారు కుర్చీలతోనే సరిపెట్టుకోవాలని ఆయన కొట్టిపారేశారు. వాళ్లు పైకి రాశారు. పైనుంచి స్పష్టీకరణ వచ్చింది: హోదా పెరిగేకొద్దీ ఆసనం ఎత్తు తగ్గవలెను. దాంతో ఈఈగారి పైనున్న సూపరింటెండింగ్ ఇంజనీరు ఎస్‌ఈగారికి పీట, చీఫ్ ఇంజనీరుగారికి చాప మంజూరయ్యాయి. కమిషనర్‌గారు ఉత్త నేల మీదే కూర్చుంటానని పట్టుబట్టడంతో ఆయన గదిలో ఉన్న గచ్చు పగలగొట్టించి, కూర్చోవడానికి వీలుగా మెత్తటి చెక్కతో ఉత్త నేల తయారు చేయించారు.

ఈఈగారి కుర్చీలో కూర్చోవడం చిట్టబ్బాయికి ముళ్ల మీద కూర్చున్నట్టే ఉండేది. పైగా ఫిర్యాదులతో వచ్చేవాళ్లు గదిలోకి వచ్చి అతన్నే పెద్ద అధికారి అనుకునేవాళ్లు.

అలా వచ్చినవాళ్లలో వెదుళ్లపాలెం రైతు వెంకటరాయుడు ఒకడు. వానాకాలం, కాలవ నిండుగా ఉంది. అతను గోచీ పైకి బిగించుకుని, ఒళ్లంతా బురదతో లోపలికి దూసుకొచ్చాడు.

"అయ్యా, పెద్ద తూము పక్కన గట్టుకి బొక్క పడిందండి. ఎండ్రకాయ బొక్కలా మొదలై చెంబు పట్టేంత అయిందండి. సాయంత్రానికి గండి పడితే రెండొందల ఎకరాలు మునిగిపోద్దండి!"

పరాంకుశంగారు స్టూలు మీంచి లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "రాయుడుగారూ, ముందు కూర్చోండి. మీ బాధని మేము వింటాం. సేవక నాయకుడి మొదటి లక్షణం వినడం" అన్నారు. రాయుడు చెప్పాడు. ఆయన విన్నారు. తర్వాత చిన్న ఇంజనీర్లు ఇద్దరూ వేరువేరుగా విన్నారు. మంగతాయారుగారు మజ్జిగ ఇచ్చి విన్నారు. ఫణికుమార్ అతని కాళ్లకున్న బురద కడుగుతూ విన్నాడు.

"అందరూ విన్నారు బాగానే ఉంది. గట్టు సంగతేం చేత్తారండి?" అని అడిగాడు రాయుడు.

"మేం చెయ్యమని ఆదేశించడం ఆధిపత్య ధోరణి అవుతుందండి. గట్టు విషయంలో మీ అంతరంగం ఏం చెబుతోందో దానికి మేం తోడుంటాం" అన్నారు పరాంకుశంగారు.

 రాయుణ్ణి వరండాలోకి తీసుకెళ్లి, తూము పేరు అడిగి, చిట్టబ్బాయే ఫోన్ తీశాడు. గట్టు మీద కాపలా తిరిగే లస్కరు వీరన్న నంబరు అతనికి నోటికొచ్చు.

"వీరన్నా, నేను చిట్టబ్బాయిని. వెదుళ్లపాలెం పెద్ద తూము దగ్గిరికి ఇసక బస్తాలు నలభై ఏయించు. పైన లాకు రెండు పలకలు దింపెయ్యి. ఎవరు చెప్పారంటే ఈఈగారు చెప్పారను. ఆ, చెప్పలేదులే, కానీ నువ్వలా అను."

సాయంత్రానికి బొక్క పూడింది. గండి తప్పింది. ఆ నెలలో ఉత్తమ శ్రవణ పురస్కారం పరాంకుశంగారికి వచ్చింది.

ఇంత జరిగినా చిట్టబ్బాయి పళ్లబిగువున ఓర్చుకున్నాడు. ఆ ఒక్క మెట్టు కోసం. రిటైరవడానికి పది నెలలుందనగా మంగతాయారుగారి చేత దరఖాస్తు రాయించి పైకి పంపాడు. దానికి వచ్చిన జవాబే మొదట చెప్పిన ఆ కాగితం.

"దరఖాస్తుదారు తన ముప్పై ఒక్క సంవత్సరముల ఉద్యోగకాలములో ఎవరికిని సేవ చేసినట్లు దాఖలాలు లేవు. అతని క్రింద ఎవరును లేనందున అతను చేసినదంతయు విధియే. రికార్డు అసిస్టెంటు పదవికి కనీస సేవా మార్కులు నూరు. దరఖాస్తుదారునికి వచ్చినవి సున్న."

మంగతాయారుగారు దాన్ని చదివి వినిపించారు.  చిట్టబ్బాయి ఆ కాగితం మీద తను కొట్టిన తారీకు ముద్ర చూశాడు. ఎంతమంది దొరలకి, ఎన్ని ఎండల్లో, ఎన్ని వానల్లో తిరిగాడు! ఒక ఈఈగారి పిల్లల్ని పదేళ్లు బడికి దింపాడు. ఇంకొకాయన పోతే పాడె మోశాడు. అదంతా ఒక్క సున్నాలో పట్టేసింది.

"నాకంటే కింద ఎవరూ లేకపోవడం నా తప్పాండీ మేడంగారూ?" అన్నాడు చివరికి.

మంగతాయారుగారు రూల్సు మనిషే కానీ చెడ్డ మనిషి కాదు. మూడు రోజులు పాత పుస్తకాలు తిరగేసి, నాలుగో రోజున మొహం వెలిగిపోతూ వచ్చారు. "ఉంది చిట్టబ్బాయ్! నీ కింద ఒక పోస్టుంది!"

తెల్లదొరల కాలం నాటి మంజూరు పట్టిక అది. అందులో అట్టడుగు వరసలో, అటెండర్ల తర్వాత, ఇలా ఉంది: "రికార్డులను ఎలుకల నుండి రక్షించు నిమిత్తము పిల్లి, ఒకటి." ఆ పోస్టును ఎవరూ రద్దు చేయలేదు. రికార్డు గదిలో ఎప్పుడూ ఏదో ఒక పిల్లి ఉంటూనే ఉంది. ఇప్పుడున్నది బూడిదరంగుది. చిట్టబ్బాయి దానికి రాజ్యం అని పేరు పెట్టుకున్నాడు.

మర్నాటినుంచి అతను రాజ్యానికి సేవ చెయ్యడం మొదలుపెట్టాడు. నిజానికి దానికి పాలు పొయ్యడం పదేళ్లుగా చేస్తున్నదే. ఇప్పుడు అది క్షీర సమర్పణ అయింది. సంతకం బదులు దాని ముందుకాలు ముద్రల మెత్త మీద అద్ది పుస్తకంలో ముద్ర వేయించేవాడు. రాజ్యానికి ఇది నచ్చలేదు. మొదటి వారంలో రెండుసార్లు గీరింది. గీరినప్పుడు కూడా సేవకుడు నవ్వుతూ భరించాలని శిక్షణ పుస్తకంలో ఉండడంతో, ఆ గీరుళ్లకి మంగతాయారుగారు అదనంగా మార్కులు వేశారు. పిల్లికి తరగతి లేదు కాబట్టి సేవకి అరమార్కే అయినా, నాలుగు నెలలు తిరిగేసరికి నూట పదిహేను మార్కులు వచ్చాయి. గెజిటెడ్ అధికారులు కూడా పిల్లికి సేవ చెయ్యవచ్చునా అని ఒక చిన్న ఇంజనీరు పైకి రాస్తే, గెజిటెడ్ హోదాగలవారికి పిల్లి వేలిముద్ర చెల్లదని తిరుగుటపాలో వచ్చింది.

మార్చి నెలాఖరు వచ్చింది. పదోన్నతుల కమిటీ కూర్చుంది. అధ్యక్షులు పరాంకుశంగారు స్టూలు మీద, మిగతావాళ్లు కుర్చీల్లో. మార్కులు సరిపోయాయి, పోస్టు ఖాళీగా ఉంది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. చిట్టబ్బాయి గుమ్మం బయట నిలబడి వింటున్నాడు.  సంతకం పెట్టడమే తరువాయి అనుకుంటుండగా చిన్న ఇంజనీరొకాయన గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక్క సందేహం. ఈయన రికార్డు అసిస్టెంటైతే మూడో తరగతిలోకి వెళ్లిపోతారు. అప్పుడు మన ఆఫీసులో నాలుగో తరగతివాళ్లు ఎవరూ మిగలరు. మనం ఎవరికి సేవ చెయ్యాలి?"

 పద్నాలుగు మంది భవిష్యత్తు ఆ గుమ్మం బయట నిలబడి ఉంది. అది పైకి వెళ్లిపోతే మిగిలేది అరమార్కులు.

పరాంకుశంగారు గదిలోంచి బయటికి వచ్చి చిట్టబ్బాయి భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. "చిట్టబ్బాయిగారూ, మిమ్మల్ని వదులుకోలేం. మీ మీద మాకున్న సేవాభావం అలాంటిది. మీరెప్పటికీ మా కిందే ఉండాలి, మేం మీ పాదాల దగ్గరే ఉండాలి. రిటైరయ్యాక కూడా గౌరవ సేవాగ్రహీతగా రోజూ వచ్చేలా ప్రతిపాదన పంపిస్తాను" అన్నారు.

చిట్టబ్బాయి తన ఫైలుని తనే తీసుకెళ్లి రికార్డు గదిలో పెట్టి తాళం వేసి వచ్చాడు. లోపలికి వెళ్లి ఈఈగారి కుర్చీలో కూర్చున్నాడు.  తర్వాత గంట కొట్టాడు.

పరాంకుశంగారు ట్రేతో పరుగెత్తుకొచ్చారు. ఆయన వెనకాల మిగతావాళ్లు కూడా గుమ్మం దగ్గర మూగారు. ఆయనకి ఆరోజు గంట మోగడం చాలా అవసరం. ఎస్‌ఈ పదవికి ఆయన పేరు పరిశీలనలో ఉంది. ఏడాది పొడుగునా చేసిన సేవలన్నీ నిజమేనని చివరి పేజీలో చిట్టబ్బాయి సంతకం పెట్టాలి, ఆ పుస్తకం సాయంత్రం అయిదింటికల్లా పై ఆఫీసుకి చేరాలి.

"ఏం సేవ చెయ్యమంటారు? టీయా, కాఫీయా?"

"ఏమీ ఒద్దండి. నా ప్రమోషన్ కాగితం మీద సంతకం పెట్టండి సార్. రెండేళ్లుగా అడగమంటున్నారు కదండి, ఇదొక్కటీ అడుగుతున్నాను" అన్నాడు చిట్టబ్బాయి.

పరాంకుశంగారు బాధగా నవ్వారు. "మీరు అడగరానిది అడిగారు. సంతకం సేవ కాదండీ, అధికారం. అధికారాన్ని మేం త్యజించి రెండేళ్లయింది. సంతకం తప్ప ఇంకేదైనా అడగండి, ప్రాణమిస్తాం."

"అలాగాండీ" అన్నాడు చిట్టబ్బాయి. బల్ల మీదున్న సేవల పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. చివరి పేజీ తీసి, ఖాళీగా ఉన్న సంతకం గడిని వేలితో తడిమి, పుస్తకం మూసేశాడు. "మరి ఇదీ సంతకమేనండి. అంటే ఇదీ అధికారమే. తెలీక ఇన్నాళ్లూ వేలకొద్దీ పెట్టేశాను, నన్ను క్షమించాలి. ఈయాల్టితో నేనూ త్యజించేశానండి, ఆయ్."

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. పరాంకుశంగారి మొహం మొదట తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. రెండేళ్లుగా గొంతులో మగ్గుతున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఒరేయ్ చిట్టబ్బాయ్! తమాషాగా ఉందా? నీ ఫైలు పట్రా, పెట్టి ఏడుస్తాను సంతకం!"

ఆ కేకకి చిట్టబ్బాయి కాళ్లు వాటంతటవే లేచాయి. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. రెండడుగులు కూడా వేశాడు. తర్వాత ఆగి, వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చున్నాడు.

"నేను తెత్తే విధయిపోద్దండి. మీరు తెచ్చుకుంటేనే సేవ. రికార్డు గదిలో ఉత్తరం గోడ, నాలుగో అర, పైనుంచి రెండో వరసండి. ఎర్రతాడు కట్టుంటాది. అందదు, ఆ స్టూలేసుకుని ఎక్కండి" అని మొలతాడునుంచి తాళాలు విప్పి బల్ల మీద పెట్టాడు.

 సాయం వస్తానని ఫణికుమార్ ముందుకొచ్చాడు కానీ, పరాంకుశంగారు తల అడ్డంగా ఊపారు. తాళాలు తీసుకుని, స్టూలు చంకలో పెట్టుకుని నడవా చివరికి వెళ్లారు. తలుపు కిర్రుమంది. లోపల స్టూలు ఈడ్చిన చప్పుడు, రెండు తుమ్ములు, పిల్లి అరుపు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏమండీ మంగతాయారుగారూ!" అని లోపలినుంచి పిలిచారు పరాంకుశంగారు. ఆ గొంతులో కేకా లేదు, తేనే లేదు. "ఈ ఫైళ్ల మధ్య వేపాకులు పెట్టిందెవరండీ? ఒక్క దానికీ చెదలు లేదు. వందేళ్ల నాటి తూముల మ్యాపులన్నీ బట్టలో చుట్టి, పైన పేర్లు రాసి ఉన్నాయి. ఇదంతా ఎవరు చేస్తున్నారు?"

"చిట్టబ్బాయేనండి. పంతొమ్మిదేళ్లుగా" అన్నారు మంగతాయారుగారు.

కుర్చీలో కూర్చున్న చిట్టబ్బాయికి ఇదంతా వినపడుతోంది. అతను తల వంచుకుని బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో సిగ్గు కూడా వేసింది.

నాలుగున్నరకి పరాంకుశంగారు బయటికొచ్చారు. చొక్కా నిండా దుమ్ము, చేతి మీద రాజ్యం గీరిన గీత, చేతిలో ఎర్రతాడు ఫైలు. ఎవరివంకా చూడలేదు. నిలబడే సంతకం పెట్టారు. చిట్టబ్బాయి లేచి నిలబడి, సేవల పుస్తకం తెరిచి, చివరి పేజీలో తనూ పెట్టాడు. ఫణికుమార్ ఆ పుస్తకం పట్టుకుని మోటారు సైకిలు మీద పై ఆఫీసుకి పరుగెత్తాడు. ఇక మార్కులెలా అని చిన్న ఇంజనీర్లు గొణుక్కుంటుంటే, వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చన్నారు మంగతాయారుగారు.

ఆ ఏడాది పుస్తకంలో పరాంకుశంగారి పేరున వెయ్యీ నూట నలభై సేవలున్నాయి. ఆయన స్టూలెక్కి ఫైలు దించిన సంగతి అందులో లేదు. పెద్దాయన ఇంకా అలాగే నిలబడి ఉంటే, రికార్డు అసిస్టెంటు చిట్టబ్బాయి భుజం మీద తువ్వాలు తీసి, ఆయన తల మీద వేలాడుతున్న బూజు దులిపాడు. అది కూడా ఎవరూ ఎందులోనూ రాసుకోలేదు.